మంచె వదిలి శాడిల్ కట్టాక: నొప్పి, జారుడు, చప్పుడు ఎక్కడ సర్దాలి

మిషిగన్‌లో అక్టోబరు 1న విల్లువేట మొదలవుతుంది. సెప్టెంబరు ఆఖరి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలు. "అన్నా, శాడిల్ కొన్నాను, అరగంట కూర్చోలేకపోతున్నాను, అమ్మేయనా?" అమ్మకు తమ్ముడూ. ముందు ముడిని బెత్తెడు పైకో కిందికో జరిపి చూడు. నేను చూసిన శాడిల్ బాధల్లో ముప్పాతిక వంతు రెండు కొలతల దగ్గర తేలిపోయాయి: టెథర్ ఎత్తు, బ్రిడ్జ్ పొడవు.

కొత్తవాళ్ళకు రెండు ముక్కలు. శాడిల్ అంటే చెట్టుకు వేలాడుతూ కూర్చోవడానికి నడుము నుంచి తొడల దాకా పట్టుకునే బట్ట సీటు. దాని రెండు పక్కలనూ కలుపుతూ పొట్ట ముందు ఉండే పొట్టి తాడు బ్రిడ్జ్. చెట్టుకు చుట్టేది టెథర్. టెథర్ మీద పైకీ కిందికీ జరిగేది ప్రూసిక్ ముడి, దానికి బ్రిడ్జ్‌ను తగిలించేది క్యారబైనర్. పాదాల కింద పళ్ళెమంత ప్లాట్‌ఫామ్. తాటిచెట్టు మీద మోకులో వెనక్కి వాలి కల్లు గీసే గౌడన్నను చూసినవాళ్ళకు సగం పాఠం వచ్చేసినట్టే. ఇదంతా ఇక్కడ లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్ళ కోసం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం, అక్కడ మోకు కల్లుకే.

తుంటి రెండు వైపులా నొక్కేస్తోంది

కారణం చాలాసార్లు పొట్టి బ్రిడ్జ్. సంచి మూతి తాడు బిగించినట్టు అది తుంటి ఎముకలను రెండు పక్కల నుంచీ లోపలికి లాగుతుంది. బ్రిడ్జ్‌ను బెత్తెడు వదిలి ఐదు నిమిషాలు వేలాడండి. నొప్పి తగ్గితే ఇంకో రెండు వేళ్ళు వదలండి. కూర్చున్న చోటు నుంచి ప్రూసిక్ చేతికి అందనంత పొడవు మాత్రం వద్దు.

అయినా నొక్కుతుంటే శాడిల్ వేసుకున్న తీరు చూడండి. చాలామంది ప్యాంటు బెల్టులా నడుము మీద బిగిస్తారు. కింది అంచును రెండు చేతులతో పట్టి తొడల మధ్య దాకా లాగి, అప్పుడు కూర్చోవాలి. తొడ పట్టీల్లో అరచెయ్యి దూరేంత వదులుండాలి. నడుము బెల్టు మాత్రం పైన ఉన్నంతసేపూ విప్పేది లేదు.

పాదాలు మండుతున్నాయి, లేదా మోకాళ్ళు

టెథర్ తక్కువ ఎత్తులో ఉంటే వెనక్కి వాలి నిలబడతాం, బరువు పాదాల మీద పడుతుంది. ఎత్తులో ఉంటే కూర్చుంటాం, బరువు సీటు మీదకు వస్తుంది, మోకాళ్ళు చెట్టుకు ఆనతాయి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి నుదుటి ఎత్తున కట్టడంతో మొదలుపెట్టండి. పాదాలు మండితే జానెడు పైకి, మోకాళ్ళు నొస్తే కాస్త కిందికి. మోకాళ్ళకు ప్యాడ్లు ఎలాగూ కావాలి. మెత్తటి అట్ట ఉన్న బూట్లతో ప్లాట్‌ఫామ్ అంచు మీద నాలుగు గంటలు నిలబడడం ఎవరి వల్లా కాదు, అట్ట గట్టిగా ఉన్నవి వేసుకోండి.

ఏ భంగిమలోనూ అరగంటకు మించి ఉండకండి. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి నిలబడి వాలండి. తిమ్మిరి వదలకపోతే ఆ పూటకు దిగేయండి.

ప్రూసిక్ పట్టడం లేదు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు కారణాలుంటాయి. ముడి తాడు అసలు తాడంత లావుగా ఉండడం ఒకటి. ముడి తాడు సన్నగా ఉంటేనే కొరుకుతుంది. రెండోది, చుట్లు చాలకపోవడం: రెండు చుట్లు జారితే మూడు వేయండి. మూడోది, చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కడం. వేలితో సర్ది, గాజుల వరుసలా పక్కపక్కన కూర్చోబెట్టాలి. నాలుగోది మంచు. నవంబరులో తడిసి గడ్డకట్టిన తాడు మీద నమ్మకం పెట్టుకోకండి. ముడికి బదులు లోహపు గ్రిప్ వాడేవాళ్ళు, అది ఎంత లావు తాడుకు చేసిందో ఆ తాడే వాడాలి.

ఏదైనా ముందు నేల మీదే ఒంటి బరువంతా వేసి చూడండి. టెథర్ చివర గట్టి ముడి ఒకటి ఉండి తీరాలి, ప్రూసిక్ జారినా అక్కడ ఆగుతుంది. తాడును చెట్టు మీదే వదిలి వచ్చే అలవాటుంటే మానుకోండి, ఉడతలు కొరికేస్తాయి.

తాడు వదులైంది, ఒక్క కుదుపు

నా మొదటి ఏడాది సంగతి. విల్లు తగిలించే కొక్కెం కాస్త పైన కడదామని స్టిక్ (చెట్టుకు కట్టి ఎక్కే మెట్ల కర్ర) మీదకు ఒక మెట్టు ఎక్కాను. టెథర్ నా ఛాతీ దగ్గర వేలాడుతోంది, చూసుకోలేదు. మెట్టు మీద మంచు పేరుకుని ఉంది, బూటు జారింది. పడింది మూరెడే, కానీ నడుము వారం రోజులు నొచ్చింది.

ఈ తాళ్ళు సాగవు. కుదుపునంతా ఒళ్ళే మింగాలి. రాక్ క్లైంబర్ల తాడు సాగుతుంది కాబట్టి పడ్డవాణ్ణి కాస్త మెత్తగా ఆపుతుంది. శాడిల్ పడిపోయేవాణ్ణి ఆపే సామాను కాదు, అసలు పడకుండా పట్టి ఉంచే సామాను. అందుకే టెథర్ కట్టిన చోటుకు ఎప్పుడూ కిందే ఉండాలి, తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. పైకి ఎక్కాల్సి వస్తే ముందు టెథర్ పైకి, తర్వాత మనిషి. ఎక్కేటప్పుడు నడుముకు తగిలించి చెట్టు చుట్టూ తిప్పే లైన్‌మన్ తాడు ఉంటుంది కదా, టెథర్ బిగించి బరువు వేసి చూశాకే దాన్ని విప్పాలి. 2024లో తెలంగాణలో గీత కార్మికులకు కాటమయ్య రక్షక కవచం పేరుతో తాళ్ళూ బెల్టులూ ఇవ్వడం మొదలుపెట్టారు. తరతరాలుగా చెట్టెక్కుతున్నవాళ్ళకే అవి కావాల్సి వస్తే, ఆదివారం వేటగాళ్ళం మనమెంత!

కుడి పక్క జింక వస్తే విల్లు లాగలేకపోతున్నా

కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ పక్క సుళువు. కుడి పక్కకు లాగబోతే బ్రిడ్జ్ అడ్డం, నారి దానికి తగులుతుంది. అసలు తప్పు చెట్టు ఎక్కే ముందే జరిగిపోతుంది. జింకల దారి ఎటుందో చూసుకుని, కాండం మీకూ దారికీ మధ్యన ఉండేట్టు, జింక మీ ఎడమకు తేలేట్టు కట్టండి. కాండం చాటున ఉంటే జింకకు మీరు కనబడే అవకాశమూ తక్కువ. కుడికే వచ్చిందనుకోండి, విల్లును ముందు బ్రిడ్జ్ పైనుంచి అటు దాటించి, కుడి పాదం ప్లాట్‌ఫామ్ అంచున ఆనించి ఒళ్ళంతా తిప్పి, అప్పుడు లాగాలి. పెరట్లో మోకాలెత్తున కట్టుకుని ఇది యాభైసార్లు చేయండి. అడవిలో మొదటిసారి చేస్తే గిరగిరా తిరుగుతారు, నవ్వేది జింకే.

టంగుమంది, జింక తల ఎత్తింది

క్యారబైనర్ అల్యూమినియం స్టిక్‌కు తగిలి ఉంటుంది. తగిలే చోట్లన్నీ గుడ్డ టేపు చుట్టండి. షాగ్‌బార్క్ హికరీ ఎక్కితే తాడు కింద బెరడు పెళపెళమని రాలుతుంది, వేరే చెట్టు చూసుకోండి.

ప్లాట్‌ఫామ్ కదులుతోంది

పట్టీ బిగించాక పైనుంచి కాలితో తొక్కి కూర్చోబెట్టాలి. అయినా కదిలితే చెట్టును అనుమానించండి. పక్కకు ఒరిగిన చెట్టుకు అడ్డంగా వేలాడితే ఒళ్ళు వంపు వైపే జారిపోతుంటుంది. చచ్చిన యాష్ చెట్టు జోలికి అసలు పోవద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గరే బయటపడింది, అప్పట్నుంచి మా అడవుల్లో చచ్చి నిలబడ్డ యాష్‌లు కొల్లలు. చూడ్డానికి నిటారుగా, తాడు కట్టడానికి పిలిచినట్టే ఉంటాయి, లోపల అప్పడంలా పెళుసు. పట్టు చాలట్లేదని చెట్టుకు మరలు దించే ఆలోచనా వద్దు, ఇక్కడి ప్రభుత్వ భూముల్లో అది నిషేధం.

చీకట్లో దిగడం భయంగా ఉంది

సూర్యాస్తమయం తర్వాత అరగంటకు వేట సమయం ముగుస్తుంది, దిగేది చీకట్లోనే. తలదీపం పెట్టుకోండి. బాణాలు అమ్ములపొదిలో పెట్టి, విల్లును తాడుతో ముందు కిందికి దించేయండి. లైన్‌మన్ తాడు నడుముకు తగిలించి, దాని మీద బరువు వేసి చూసుకుని, ఆ తర్వాతే టెథర్ మీద చెయ్యి వేయండి.