గైడ్ గారే కాపీ కొడితే: ఫిర్యాదు ఫైలు కట్టే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో నా డీటీపీ షాపు. ఇరవై రెండేళ్లలో ఎన్ని థీసిస్‌లు కొట్టానో లెక్క లేదు కానీ ఒకటి మాత్రం మరిచిపోలేను. పలాస జీడి కార్మికుల మీద థీసిస్ అది. ఒక లెక్చరర్ గారు పెన్‌డ్రైవ్ ఇచ్చి, "కొల్లం అని ఉన్నచోటల్లా పలాస అని మార్చెయ్" అన్నారు. ఫైండ్, రీప్లేస్ ఆల్. నొక్కింది నేనే. బైండింగ్‌కి పంపేముందు పేజీలు సరిచూస్తుంటే ఒక వాక్యం కనబడింది: పలాస ఆడకూలీలకు ఓనం బోనస్ ఆలస్యంగా అందుతోందట. పలాసలో కేరళ పండగ ఓనం ఏటి? నవ్వొచ్చింది. డబ్బులు తీసుకుని ఊరుకున్నాను. ఆ సారు తర్వాత చాలా పెద్ద కుర్చీ దాకా వెళ్లారు.

మొన్నామధ్య పీహెచ్‌డీ పూర్తయిన ఒకమ్మాయి వచ్చింది. పొందూరు ఖద్దరు వడికే ఆడవాళ్ల మీద తను రాసిన చాప్టర్, పరిశోధన చేయించిన గైడ్ గారి పేరుతో జర్నల్‌లో అచ్చయింది. "ఇవి నా వాక్యాలే కదా బాబాయ్?" అంటూ రెండు ప్రింట్లు కౌంటర్ మీద పెట్టింది. ఆమె కోసం కట్టిన ఫైలే ఇక్కడ చెబుతున్నది.

ముందు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ చూపించే పర్సెంటేజీ మీద ఆశ వదిలేయండి. అచ్చు తప్పకుండా దించితే అది పట్టుకుంటుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించుకుంటే చాలాసార్లు పట్టుకోదు. పాత తెలుగు థీసిస్‌లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టినవి. వాటిలోంచి కాపీ చేస్తే అక్షరాలకు బదులు పిచ్చిగుర్తులు వస్తాయి. దాన్ని ఎవరైనా యూనికోడ్‌లో మళ్లీ కొట్టించుకుంటే మెషీన్ సున్నా చూపించినా ఆశ్చర్యం లేదు. మనిషి కూర్చుని చదవాల్సిందే.

చదవడం కూడా ఇంట్రడక్షన్ నుంచి మొదలుపెట్టకండి. అక్కడ అందరూ ఒకేలా రాస్తారు. తప్పుల కోసం వెతకండి. మంచి వాక్యం ఇద్దరికీ తట్టొచ్చు, ఒకే తప్పు ఒకే చోట ఇద్దరూ చేయరు. ఆ అమ్మాయి టేబుల్‌లో 48, 37, 33 కలిపితే 118 రావాలి, తొందరలో 128 అని వేసింది. గైడ్ గారి పేపర్లోనూ 128! నా లెక్కలో ఆ ఒక్క అంకె నలభై పేజీల పెట్టు. అలాగే లేని పటాన్ని చూడమనే వాక్యాలు, రిఫరెన్సుల్లో ఒకే స్పెల్లింగ్ తప్పులు, బొమ్మల్లో మిగిలిపోయిన వేరే ఊరి పేర్లు చూడండి. రీప్లేస్ ఆల్ బొమ్మలోకి వెళ్లదు.

దొరికిన ప్రతి ముక్కనూ నాలుగు గడుల పట్టికలో పెట్టండి: అసలు పేజీ, కాపీ పేజీ, కలిసిన వాక్యాలు, రెండింటి తేదీలు. థీసిస్ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్ శోధగంగలో ఉంటే పీడీఎఫ్ ఈరోజే దించుకోండి, రేపు ఉంటుందని నమ్మకం లేదు. మీ చాప్టరే పోయిందనుకుంటే, దాన్ని గైడ్‌కు పంపిన ఈమెయిల్‌ని తేదీ కనబడేలా ప్రింట్ తీయండి. ముందు రాసింది ఎవరో తేలేది అక్కడే. 2002లో కుమావూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పేపర్ స్టాన్‌ఫోర్డ్ వాళ్ల పేపర్‌కి కాపీ అని భౌతిక శాస్త్రవేత్తలు బయటపెట్టారు. గొడవ రాష్ట్రపతి కలాం గారి దాకా వెళ్లింది. 2003లో ఆ వైస్ ఛాన్సలర్ రాజీనామా చేశారు. రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూపించగలిగారు కాబట్టే అంతదూరం వెళ్లింది.

కొన్ని ముక్కలు ఫైల్లోంచి మీరే తీసేయాలి. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కొటేషన్లు, రిఫరెన్సులు, చట్టాల పాఠం, సమీకరణాలు, వరసగా 14 పదాల లోపు కలిసే మామూలు మాటలు కాపీ కిందికి రావు. ఇవి ఫైల్లో ఉంచితే అవతలివాళ్లు వాటినే పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తారు.

ఫిర్యాదు ముందు కాపీ కేసులు విచారించే డిపార్ట్‌మెంటల్ అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కి ఇవ్వాలి. చిక్కేమిటంటే దానికి చైర్మన్ ఆ డిపార్ట్‌మెంట్ హెడ్డే. హెడ్ మీదే ఫిర్యాదైతే యూనివర్సిటీ స్థాయి ప్యానెల్‌కి, వైస్ ఛాన్సలర్ మీదైతే ఆయన పైఅధికారికి వెళ్లాలి. ఫిర్యాదు ఎవరి మీదో వారు ప్యానెల్లో ఉంటే తప్పుకోవాలని నిబంధనల్లోనే ఉంది. ఆ మాట ఉత్తరంలో రాయండి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు.

ఇంకా ఆ గైడ్ గారి కిందే పని చేస్తుంటే, చివరి మౌఖిక పరీక్ష వైవా అయ్యేదాకా ఆగమనే నేను చెబుతాను. పిరికి సలహా అనుకోండి. సంతకం ఆగిపోయి నాలుగేళ్లు తిరిగినవాళ్లను చూశాను.

శిక్ష గురించి పెద్దగా ఊహించుకోవద్దు. పేపర్‌లో అరవై శాతం దాటి కాపీ ఉందని తేలినా పేపర్ వెనక్కి తీసుకోవాలి, రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అంతే.

డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కి 45 రోజులు, యూనివర్సిటీ ప్యానెల్‌కి ఇంకో 45 రోజులు గడువు. అందుకే ఫిర్యాదు చేతికిచ్చి రాకుండా టపాల్ సెక్షన్లో ఇన్వర్డ్ నంబర్ వేయించుకోండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. గడువు దాటితే, ఫైలు ఎక్కడుందో అడుగుతూ పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడు సెట్లు స్పైరల్ చేయించి ఒకటి ఇంట్లోనే ఉంచుకోండి. పోస్టాఫీసు రసీదుకి ఆ రోజే జిరాక్స్ తీయించండి, దాని మీద అక్షరాలు తొందరగా వెలిసిపోతాయి.