పెద్దల మెల్లకన్ను ఆపరేషన్‌లో మత్తు – 4వ పాఠం

ఈ వారం వాంతుల నివారణ గురించి రాస్తానన్నాను. గత పాఠం ప్రశ్నకు మీ జవాబులు చదివాక దాన్ని వాయిదా వేశాను.

ప్రశ్న గుర్తుందిగా: కన్ను బయటికి తిరిగిన రోగి, అడ్జస్టబుల్ కుట్టు (కన్ను నిలిచే తీరు చూసి బిగువు సరిచేశాకే ముడి బిగించేది) వేస్తానంటున్న సర్జన్. ఏ మత్తు ఇస్తారు? చాలామంది సబ్-టెనాన్ బ్లాక్ (కనుగుడ్డును కప్పిన పొర కిందికి మొద్దు గొట్టంతో మత్తుమందు పంపడం) అన్నారు. బాగానే ఉంది. ఆ వెంటనే ‘టేబుల్ మీదే కుట్టు సరిచేస్తాం’ అని ఎలా రాశారు?

బ్లాక్ నొప్పితోపాటు కదలికనూ తీసేస్తుంది. పడిపోయిన కండరంతో కన్ను సూటిగా కనిపిస్తే దానికి అర్థం లేదు. ఆ చూపును నమ్మి ముడి బిగిస్తే, మందు దిగాక కన్ను ఏ పక్కకు పోతుందో ఎవరికీ తెలియదు. మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ ఒక్కటే అయితే కనీసం గంటో రెండు గంటలో ఆగాలి. బుపివకైన్ కలిపారా, ఇంకా ఎక్కువసేపు. గడియారాన్నీ నమ్మకండి. ‘పైకి చూడండి, కుడికి చూడండి’ అని రోగిని అడగండి. రెప్ప వాలి ఉన్నా, ఏ ఒక్క దిక్కుకైనా కన్ను వెనకబడినా ముడి జోలికి పోవద్దు. జనరల్ (పూర్తి మత్తు) ఇచ్చినా ఇదే సంగతి: రోగి పూర్తిగా తేరుకుని, తన కళ్లద్దాలు పెట్టుకుని, దూరపు గురిని చూడగలగాలి.

టేబుల్ మీదే సరిచేయాలన్న పట్టుదల ఉంటే పైపైన మొద్దుబార్చే ప్రొపారకైన్ చుక్కలో లిగ్నోకైన్ జెల్లో వాడండి. కండరాన్ని కోస్తే రోగి పెద్దగా బాధపడరు, లాగితే మాత్రం ఓర్చుకోలేరు. చెయ్యి బరువైన సర్జన్ పక్కన నేను ఈ పద్ధతికి ఒప్పుకోను. థైరాయిడ్ జబ్బుతో బిగిసిన కండరాలకు, రెండోసారి చేసే ఆపరేషన్లకు కూడా జనరలే నా ఎంపిక. అందులో ఒంటి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వద్దు: కంటి కండరాలు బిగుసుకుని, ఇంచుమించు 20 నిమిషాలదాకా ఫోర్స్‌డ్ డక్షన్ పరీక్ష (కన్నును పట్టుకుని కదిపి కండరం బిగుతు చూడడం) తప్పుదారి పట్టిస్తుంది.

కంటి కండరాన్ని లాగితే గుండె వేగం పడిపోవచ్చు. పడిపోతే ముందు లాగడం ఆపమనండి, ఆ వేగాన్ని పెంచే అట్రోపిన్ ఆ తర్వాత. ఇది మీకు తెలిసిందే.

అభ్యాసం: 55 ఏళ్ల రోగి. కనుగుడ్డు పొడవు 29 మి.మీ., కన్ను లోపలికి తిరిగింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అదే కంటికి ఇదివరకు ఆపరేషన్ జరిగింది. సూది బ్లాక్ (కంటి చుట్టూ గానీ వెనక గానీ సూదితో మందు ఇవ్వడం) ఎందుకు కాదో, మరేది ఎంచుకుంటారో, కుట్టును ఎప్పుడు, ఏమేమి చూసి బిగిస్తారో రాయండి. మందు పేరు మాత్రమే రాసి పంపితే చదవను.