మాట పుట్టుక – 5: ఇంటిపేరును విడదీసే ముందు

గత పాఠం చివర కొన్ని ఇంటిపేర్లు ఇచ్చి వాటి పుట్టుక రాయమన్నాను. చాలామంది ‘ఘంటసాల’ దగ్గరే తడబడ్డారు. “ఘంట మోగినట్టుండే గొంతు కాబట్టి ఆ పేరు” అని కొందరు, “ఘంటలు కట్టిన శాలలో పాడిన వంశం” అని మరికొందరు రాశారు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న, పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చిన మాటలను చివరికి జరిపి, ముందు ఈ చిక్కు విప్పుతాను.

ఘంటసాల కృష్ణా జిల్లాలో ఒక ఊరు. అక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది. పాత ప్రాకృత శాసనాల్లో ఆ ఊరి పేరు ‘కంటకసేల’. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ మన తీరంలోని వర్తక కేంద్రాలను చెబుతూ దీన్నీ పేర్కొన్నాడు. ఆ పాత రూపాన్ని ఒకసారి పైకి పలకండి: కంటకసేల. అందులో ఘంటా లేదు, శాలా లేదు. శతాబ్దాల పాటు జనం నోట నలిగి ఇప్పటి రూపానికి వచ్చింది. ఆ ఊరి పేరే కొన్ని కుటుంబాలకు ఇంటిపేరయింది. 1922లో పుట్టిన వెంకటేశ్వరరావు గారు అంత గొప్పగా పాడారు కాబట్టి ఇప్పుడు మనకు ఆ పేరులో ఘంట వినిపిస్తోంది.

పేరు కనబడగానే సంధి విడదీసే ఈ అలవాటు నన్ను చాలా బాధపెడుతుంది. వ్యాకరణం బాగా వచ్చినవారే ఇందులో ఎక్కువగా పడతారు. ఏ పేరునైనా రెండు సంస్కృత పదాలుగా కోయగలరు, కోసిన ప్రతిసారీ ఏదో ఒక అర్థం వస్తుంది. అర్థం వచ్చినంత మాత్రాన పుట్టుక తెలిసినట్టు కాదు. ఇంటిపేరు ముత్తాతల నాటిది. మనవడు ఎంచుకున్న వృత్తి దానికి కారణం ఎలా అవుతుంది? అదే ఇంటిపేరున్న బాబాయిలు, పెదనాన్నలు ఏం చేసేవారో అడగండి. సగం కథలు అక్కడే కూలిపోతాయి.

నా పద్ధతి వేరు. నిఘంటువు కన్నా ముందు గ్రామాల జాబితా తెరుస్తాను. ఊరి పేర్లకు పల్లి, పాడు, పూడి, కుర్తి వంటి చివరలు ఉండడం మీకు తెలిసినదే, మళ్లీ చెప్పను. ఊరు దొరక్కపోతేనే వృత్తి వైపు చూడాలి.

నిజంగా వృత్తి నుంచి వచ్చినవీ ఉన్నాయి. కూచిపూడి కళాకారుల ఇంటిపేర్లలో ‘భాగవతుల’ ఒకటి. భాగవతాలు ఆడేవారు భాగవతులు. ఆ ఇంట పుట్టి కాలికి గజ్జె కట్టినవారికి పేరు, పని రెండూ కలిశాయి. ‘కరణం’ కూడా ఉద్యోగం పేరే. గ్రామ లెక్కలు రాసే ఆ వంశపారంపర్య పదవిని ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దు చేశారు. కరణం మల్లీశ్వరి గారు మాత్రం బరువులు ఎత్తి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆవిడే. పార్సీలలోనూ వృత్తుల నుంచి వచ్చిన ఇంటిపేర్లున్నాయి, అక్కడా పని వేరు కావచ్చు: ఫరూక్ ఇంజనీర్ ఒకప్పటి వికెట్ కీపరు, నారీ కాంట్రాక్టర్ ఒకప్పటి భారత క్రికెట్ జట్టు కెప్టెన్.

పేరు, పని కలిసిన ఉదాహరణలు ఇంగ్లండులో కావలసినన్ని. నాడీ వైద్యుడు రస్సెల్ బ్రెయిన్ ‘బ్రెయిన్’ అనే వైద్య పత్రికకే సంపాదకుడయ్యాడు. ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఇగోర్ జడ్జ్ ఇంటిపేరు చూడనే చూశారు. ఇలాంటి పొంతనకు న్యూ సైంటిస్ట్ పత్రిక 1994లో ‘నామినేటివ్ డిటర్మినిజం’ (పేరే పనిని నిర్ణయించడం) అని పేరు పెట్టింది. చూసి సంతోషించండి, పుట్టుకకు సాక్ష్యంగా మాత్రం తేకండి.

ఇక పోర్చుగీసు మాటలు: మేస్త్రీ, బొత్తాము, అల్మారా, పాదిరి. ఓడల మీద వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డాయి. ఎదురు ప్రయాణం చేసిన మాట ‘పందికొక్కు’. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయి, ఆస్ట్రేలియాకు వెళ్లి, అక్కడ పిల్లలను సంచిలో మోసే వేరే జంతువుకు పేరుగా నిలిచింది.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న పెళ్లి శుభలేఖల నుంచి ఇరవై ఇంటిపేర్లు తీయండి. ప్రతిదానికీ ఊరు ఉందా, ఉంటే ఏ మండలంలో, దాని పాత రూపం ఏ శాసనంలోనైనా ఉందా రాయండి. ఊరు దొరకని వాటిని విడిగా పెట్టండి, వాటికి అర్థం చెప్పవద్దు. తరవాత ‘గోడౌన్’ను పట్టుకుని మలయ్ భాషలోని ‘గుదాంగ్’ దాకా వెళ్లండి. అక్కడి నుంచి ఏ తెలుగు మాట వైపు దారి కనిపిస్తుందో వచ్చే పాఠంలోగా కనుక్కోండి.