“మీకు ఈత వచ్చా?”: డర్బన్‌లో పెద్దవాళ్ల చిన్ననాటి కబుర్లు రాబట్టడం ఎలా

మాది విజయనగరం దగ్గర పల్లె. ఆరేళ్లుగా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంటున్నాం. శనివారాలు చాట్స్‌వర్త్‌లో ఒక హాల్లో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దిస్తాను. 1860 నుంచి 1911 దాకా నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) చెరకు తోటలకి సుమారు 1,52,000 మంది కూలీల్ని ఓడల్లో తెచ్చారు. మన విశాఖ, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ల వారసులే మా క్లాసులో చాలామంది. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. అవ్వ, తాత, ఊరగాయ లాంటి మాటలు మాత్రం మిగిలాయి.

పోయినేడు పిల్లలకి ఒక పని పెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు మీ వయసులో ఎలా బతికారో అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకురమ్మన్నాను. “అపార్తీడ్ కాలంలో మీ జీవితం ఎలా ఉండేది?” అనే ప్రశ్న కూడా నేనే రాసిచ్చాను. అపార్తీడ్ అంటే ప్రభుత్వమే చట్టాలు పెట్టి జాతుల్ని విడదీసిన వర్ణవివక్ష. పన్నెండు మంది వెళ్లి పన్నెండు ఒకేలాంటి జవాబులు తెచ్చారు. చాలా కష్టంగా ఉండేది, 1994లో ఓటు వచ్చింది, ఇప్పుడు బాగుంది. అంతే. పరీక్ష పేపర్లోని ప్రశ్న అడిగితే జవాబు గైడులోంచే వస్తుంది మరి.

తర్వాత నేనే వాళ్ల ఇళ్లకి వెళ్లి కూర్చుని, తప్పులు చేసి, కొంత నేర్చుకున్నాను. ఇక్కడున్న తెలుగువాళ్లకో, ఇక్కడ చుట్టాలున్నవాళ్లకో పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు లెక్క వేసుకోండి. ఆ మనిషికి పద్నాలుగు, పదిహేనేళ్లు ఏ సంవత్సరంలో వచ్చాయి? అన్నిటికీ అదే మూలం. 1949లో పుట్టినవాళ్లకి 1963లో పద్నాలుగు. డర్బన్ ఊళ్లోంచి కుటుంబాలని లేపేస్తున్న రోజులవి. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో గీత గీసి చెప్పింది. డర్బన్‌లోని కేటో మానర్‌లో కూరగాయల మళ్లు, అరటి చెట్లు పెంచుకున్న ఇండియన్లని, మున్సిపాలిటీ కూలీలుండే మాగజైన్ బ్యారక్స్ జనాన్ని ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ అనే కొత్త టౌన్‌షిప్‌కి, అంటే ఇండియన్లకని విడిగా కట్టిన పేటకి, తోలారు. 1966లో పుట్టినవాళ్లయితే 1980లో స్కూళ్ల బాయ్‌కాట్, అంటే వివక్ష చదువుకి నిరసనగా పిల్లలు క్లాసులు మానేయడం, చూసుంటారు. 1977లో పుట్టినవాళ్లు ఇంకో రకం. తెల్లవాళ్ల స్కూళ్లు ఇతరులకి తలుపులు తీసిన 1991లో వాళ్లకి పద్నాలుగేళ్లు. ముగ్గురినీ ఒకటే ప్రశ్న అడిగితే ఎలా?

క్లాసుల పేర్లలో తికమక పడకండి. పెద్దవాళ్లు ‘స్టాండర్డ్ 8’ అంటే ఇప్పటి గ్రేడ్ 10. రెండు కలుపుకోవాలి. వీధుల పేర్లూ మారాయి. వాళ్లు గ్రే స్ట్రీట్ అనేది ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ ఇప్పుడు బెర్తా మ్ఖీజే స్ట్రీట్. నేను మధ్యలో ఆపి “అది ఇప్పుడు ఏ వీధి?” అని అడిగి రెండు మంచి కథలు పోగొట్టుకున్నాను. వాళ్ల పేర్లతోనే చెప్పనివ్వండి, ఇంటికొచ్చాక మ్యాప్ చూసుకోవచ్చు.

ఇక ప్రశ్నలు. ‘అపార్తీడ్’ అనే మాటే వాడకండి. దూరాలు, వేళలు, వస్తువులు అడగండి. బస్సు ఎక్కడ ఆగేది? స్కూలు ఉదయమా, మధ్యాహ్నమా? ఈ రెండో ప్రశ్న వింటే మనకి నవ్వొస్తుంది కానీ ఇక్కడ దానికి అర్థముంది. ఇండియన్ పిల్లలకి బడులు చాలక ఒకే గదిలో పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ నడిపేవాళ్లు. దాన్ని ‘ప్లటూన్’ అంటారు. ఒక మామయ్యగారు ప్లటూన్ అన్న మాట వినగానే, అంతసేపూ ముడుచుకు కూర్చున్నవాడు కాళ్లు చాపుకుని గంటసేపు చెప్పారు. బయోస్కోప్ గురించి అడగండి. అవాలాన్, షాజహాన్ హాళ్ల పేర్లు వినిపిస్తాయి. జేబులో ఎంత ఉండేదో అడిగితే ‘టిక్కీ’ అంటారు, అంటే మూడు పెన్నీల బిళ్ల. ఇంటి అడ్రసు అడగండి. చాట్స్‌వర్త్‌లో వీధులకి పేర్లు కాదు, నంబర్లు ఇచ్చారు. మామిడి చెట్టు గుర్తుతో ఇల్లు చెప్పుకున్న పిల్లకి పదిహేనో ఏట రోడ్డు నంబరు, ఇంటి నంబరు కంఠతా పట్టాల్సొచ్చింది.

ఇన్ని ప్రశ్నల్లో నాకు బంగారంలా దొరికింది ఒకటుంది. మీకు ఈత వచ్చా?

అది నేను కావాలని అడగలేదు. క్లాసులో ఒక పదిహేనేళ్ల పిల్ల స్కూలు తరఫున ఈత పోటీలకి వెళ్తుంది. వాళ్ల అమ్మమ్మని అందరూ ఆంటీ అంటారు, నేను పెద్దమ్మ అంటాను. మనవరాలి మెడల్ చూపిస్తుంటే మాటవరసకి అడిగాను. పెద్దమ్మ చీర కుచ్చెళ్లు కాస్త పైకెత్తి చూపించింది. “ఇంతవరకే వచ్చు.” సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి! 1953 నాటి చట్టం బెంచీలు, పార్కులు, బీచ్‌లు జాతివారీగా పంచేసింది. డర్బన్‌లో మంచి బీచ్ తెల్లవాళ్లది. ఈ చోటు తెల్లజాతి వాళ్లకే అని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ మూడు భాషల్లో బోర్డులు 1980ల చివరిదాకా ఉన్నాయి. తమకి విడిచిన చోట అమ్మ చెయ్యి పట్టుకుని పాదాలు తడుపుకోవడమే పెద్దమ్మకి తెలిసిన సముద్రం.

పక్కన ఆవిడ కూతురు కూరగాయలు తరుగుతోంది. 1991లో తెల్లవాళ్ల హైస్కూల్లో చేరిన మొదటి బ్యాచ్. నేనేమీ అడగకుండానే అందుకుంది. కొత్త స్కూల్లో స్విమ్మింగ్ పూల్ ఉండేదట. క్లాసంతా నీళ్లలోకి దూకుతుంటే తను ఒక టర్మ్ మొత్తం “జలుబు మిస్” అని గట్టు మీదే కూర్చుంది. నిజానికి జలుబు లేదు, ఈత రాదని చెప్పడానికి సిగ్గు. లంచ్ డబ్బా మూత తీయడానికీ సిగ్గే, ఊరగాయ వాసనొస్తుందని. ఫోన్‌లో అమ్మతో ఒక యాస, స్కూల్లో ఇంకో యాస. “గేటు తెరిచారు గానీ, లోపల ఎలా నడవాలో ఎవరూ చెప్పలేదు” అంది తరుగుతూనే. ఆ మాట తల్లి అంతకుముందు ఎప్పుడూ వినలేదట.

అందుకే చెబుతున్నా, ముసలివాళ్లతో ఆపేయకండి. చట్టాలు పోయాక పెరిగినవాళ్లని ఎవరూ అడగరు. “మీకేం, అదృష్టవంతులు” అంటారు. వాళ్లే ఎక్కువ దాచుకుని ఉంటారు. వీలైతే రెండు తరాల్ని ఒకే గదిలో కూర్చోబెట్టండి. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఎదురెదురు కుర్చీలేసి మధ్యలో ఫోన్ పెడితే ఇంటర్వ్యూ అవుతుంది, బీన్స్ తరుగుతుంటే కబుర్లవుతాయి.

“ఆ రోజులే నయం, తలుపులకి తాళాలుండేవి కావు” అనేవాళ్లు కూడా తగులుతారు. వాదించకండి. మొదట్లో నేను వాదించాను. ఇప్పుడు ఏ ఇల్లు, ఏ తలుపు అని మాత్రం అడుగుతాను. సగంసార్లు అది చాట్స్‌వర్త్‌కి రాకముందు ఇల్లని తేలుతుంది.

కష్టమైనది ఇంకొకటుంది. పైన తెల్లవాళ్లు, కింద ఆఫ్రికన్లు ఉన్న ఆ జాతుల నిచ్చెనకి ఇండియన్లు మధ్య మెట్టు మీదున్నారు. చాట్స్‌వర్త్‌ని కట్టిందే తెల్లవాళ్ల పేటలకీ, ఉమ్లాజీ అనే ఆఫ్రికన్ టౌన్‌షిప్‌కీ మధ్య. 1949 జనవరిలో ఆఫ్రికన్లకీ ఇండియన్లకీ మధ్య జరిగిన అల్లర్లలో మొత్తం 142 మంది పోయారు. ఆ భయం ఇళ్లలో ఇంకా ఉంది, 2021 జులై అల్లర్లప్పుడు ఫీనిక్స్ అనే ఇండియన్ టౌన్‌షిప్‌లో జరిగిన హత్యలతో మళ్లీ లేచింది. కాబట్టి “మీ కింద మెట్టు మీద ఎవరున్నారు?” అన్న సంగతి అడగాలి, కానీ మొదటిరోజు కాదు. అడిగేముందు మీ జవాబు సిద్ధం చేసుకోండి, ఎందుకంటే వాళ్లూ అడుగుతారు.

నన్ను పెద్దమ్మే అడిగింది. “మీ ఇండియాలో టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసులట, నిజమేనా?” రికార్డింగ్ నడుస్తోంది. నాకు నోట మాట రాలేదు. మా ఊరి టీ బడ్డీలో చూరుకింద రెండు గ్లాసులు విడిగా బోర్లించి ఉండేవి. పద్నాలుగేళ్లప్పుడు నాన్న కోసం టీ తేవడానికి రోజూ వెళ్లేదాన్ని. అవి ఎవరివో తెలుసు, ఎందుకని ఒక్కరోజూ అడగలేదు. అదే చెప్పాను. పెద్దమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత తమ ఇంట్లో పనికొచ్చే జులూ అమ్మాయికి ఒక ఎనామిల్ కప్పు, ఒక పళ్లెం వేరుగా వరండాలో ఉండేవని చెప్పింది. ఆ అమ్మాయికీ అప్పుడు పదిహేనేళ్లేనట. పేరు గుర్తుతెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించింది. అక్కడ నేనేమీ మాట్లాడలేదు, మీరూ మాట్లాడకండి. ఖాళీని నింపాలనే తొందర మనకి ఎక్కువ.

రికార్డింగ్ సంగతి క్లుప్తంగా. ఫోన్‌లో జాగా ఉందో లేదో ముందే చూసుకోండి. నాకు ఒకసారి మెమరీ నిండిపోయి, ప్లటూన్ మామయ్యగారి రెండో అరగంట మొత్తం పోయింది. ఆయన మళ్లీ చెప్పారు గానీ ఆ రుచి రాలేదు. ఫ్యాన్ ఆపండి, ప్రెషర్ కుక్కర్ దింపాక మొదలుపెట్టండి. నలభై నిమిషాలు దాటనివ్వకండి. ఏ ముక్క బయటికి వెళ్లొచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో చివర్లో అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చేయండి. ఇంట్లోవాళ్లు సరేనంటే డర్బన్‌లోని 1860 హెరిటేజ్ సెంటర్‌వాళ్లనీ, వెస్ట్‌విల్‌లో యూనివర్సిటీ నడిపే గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌వాళ్లనీ కాపీ తీసుకుంటారేమో అడగొచ్చు.

ఫైలుకి పేరు పెట్టేటప్పుడు మనిషి పేరు కాకుండా ఊరు, ఏడాది, వయసు రాయమంటాను పిల్లల్ని. పెద్దమ్మ ఫైలుకి మనవరాలు ‘చాట్స్‌వర్త్, 1963, 14’ అని టైపు చేసింది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. అరవయ్యేళ్లుగా ఉంటున్న ఊరి పేరు ఒక్కో అక్షరమే చెరిపేసి ‘కేటో మానర్’ అని కొట్టింది.