అపలాచియన్ కొండల్లో చిన్న ఊరి చరిత్ర వెతకాలంటే వాగుతో మొదలుపెట్టండి

అమెరికా తూర్పున, అపలాచియన్ కొండలున్న కెంటకీ రాష్ట్రంలోనో వెస్ట్ వర్జీనియాలోనో కొండల నడుమ పాతిక ఇళ్లున్న ఊరి గురించి రాయాలనుకుంటే, ముందు రోడ్డు మ్యాప్ పక్కన పెట్టేయండి. అక్కడ జనం వాగుల వెంట స్థిరపడ్డారు. మీ ఇల్లెక్కడ అంటే ఫలానా వాగు మీద, ఫలానా హాలోలో అని చెప్తారు. హాలో అంటే రెండు కొండల మధ్య ఇరుకు లోయ, వాళ్ల నోట అది చాలాసార్లు 'హాలర్' అని పలుకుతుంది.

అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల టోపోవ్యూ సైట్‌లో పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. 1:24,000 స్కేల్ మ్యాప్ తీసుకోండి. ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, వాగును దాటేచోట 'వి' ఆకారంలో వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువకే ఉంటుంది. ఇది కంటికి అలవాటైతే ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో సగం తెలిసిపోతుంది. తర్వాత అదే చోటి పాత మ్యాప్ పక్కన పెట్టి చూడండి. టెనెసీలో పాత బట్లర్ ఊరు 1948లో వటాగా డ్యామ్ నీళ్లలో మునిగింది. కొత్త మ్యాపుల్లో అక్కడ కనిపించేది చెరువే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పోస్టాఫీసు కాగితాలు. ఆఫీసు ఎక్కడుందో, దగ్గరి నది, వాగు ఎంత దూరమో పోస్ట్‌మాస్టర్లు నింపి పంపిన ఫారాలు 1837 నుంచి 1950 దాకావి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలా ఊళ్లకు పోస్టాఫీసు పేరే ఊరి పేరైంది, అది మూతపడ్డాక ఆ పేరూ మెల్లగా మాసిపోయింది.

భూమి దస్తావేజులు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టుహౌస్‌లో ఉంటాయి, కానీ ఆ కౌంటీ ఎప్పుడు ఏర్పడిందో ముందే చూసుకోండి, అంతకుముందువి పాత కౌంటీలో ఉండొచ్చు. వెస్ట్ వర్జీనియా అయితే 1863 దాకా వర్జీనియాలో భాగమే. హద్దులు ఫలానా ఓక్ చెట్టు నుంచి వాగు వెంట 40 పోల్స్ అన్నట్టు రాస్తారు. పోల్ అంటే 16.5 అడుగులు. నేల ఒకరిది, కింద బొగ్గు ఇంకొకరిది అయిన దస్తావేజులు చాలా ఉంటాయి, ఆ వాక్యం అస్సలు వదలొద్దు.

జనాభా లెక్కల్లో 1950 దాకా పేర్లతో సహా చూడొచ్చు. 1890వి మాత్రం 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు.

చివరగా శ్మశానాలు. వాగు పక్క చదును నేల సాగుకు కావాలి కాబట్టి కుటుంబ సమాధులు తరచుగా పైన కొండ గట్టు మీద ఉంటాయి. స్థలం వాళ్లను అడిగి వెళ్లండి. పేరు చెక్కని మామూలు రాళ్లు కూడా సమాధులే కావచ్చు, వాటినీ లెక్కపెట్టి ఎక్కడున్నాయో రాసుకోండి.