పిల్లలతో పార్కు నమూనా – 3వ పాఠం: ఉన్న స్థలాన్ని ఉన్నట్టుగా కట్టడం

గత రెండు పాఠాల్లో పిల్లలతో కలిసి పార్కు స్థలమంతా నడిచి చూడడం, టేపుతో కొలిచి చిత్తుపటం గీసుకోవడం నేర్చుకున్నాం. ఆ చిత్తుపటాన్ని మైన్‌క్రాఫ్ట్ అనే, ఘనాకారపు బ్లాకులు పేర్చి కట్టే కంప్యూటర్ ఆటలోకి దించి, పిల్లలు మార్పులు చేయడానికి వీలైన మూల నమూనాను తయారుచేయడం ఈ పాఠంలో మన పని. ఆటను కొనలేనివారు లువాంటి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవచ్చు. 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్.

ఈ పద్ధతికి ఇప్పటికే కొంత చరిత్ర ఉంది. నగరాలు, నివాసాల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్-హాబిటాట్, ఆటను రూపొందించిన స్వీడన్ సంస్థ మొజాంగ్ కలిసి స్థానికులే ఆటలో తమ బహిరంగ స్థలాలను రూపొందించే ‘బ్లాక్ బై బ్లాక్’ కార్యక్రమాన్ని 2012లో మొదలుపెట్టాయి. నైరోబీలోని కిబేరా బస్తీలో మొదలైన ఆ ప్రయత్నం తరువాత ముంబయితో సహా అనేక నగరాలకు చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. అయితే ప్లాను కాగితం చదవలేని పన్నెండేళ్ల పిల్ల ఆ హక్కును ఇంజినీరు ఎదుట ఎలా వాడుకోగలదన్న ప్రశ్నకు ఈ నమూనా ఒక జవాబు.

ముందుగా సూపర్‌ఫ్లాట్ రకం (నేలంతా చదునుగా ఉండే) ప్రపంచాన్ని తెరిచి, క్రియేటివ్ మోడ్‌ను (బ్లాకులు ఎన్నైనా దొరికేది), పీస్‌ఫుల్ స్థాయిని (దాడిచేసే జీవులు రానిది) ఎంచుకోండి. ఆటలో ఒక బ్లాకు అన్ని వైపులా 1 మీటరు. మన ఉదాహరణలోని పార్కు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు అనుకుంటే నేల మీద 2,400 బ్లాకులు పడతాయి. గజాల్లో చెబితే దాదాపు 2,870. గోడ కట్టేముందు నాలుగు మూలల్లో నాలుగు రంగు బ్లాకులు నిలబెట్టి, స్థలం వద్ద ఎదురెదురు మూలల మధ్య దూరాలను మరోసారి కొలవండి. రెండూ 72 మీటర్లకు కాస్త అటూఇటూగా సమానంగా వస్తేనే స్థలం నిజంగా దీర్ఘచతురస్రం. తేడా వస్తే స్థలం మూలలు వంకరగా ఉన్నట్టే కాబట్టి, కొలతల్లో ఎలా ఉంటే నమూనాలోనూ అలాగే వంకరగా కట్టండి.

గోడతో ఆగిపోకుండా బయట కనీసం 10 మీటర్ల మేర రోడ్డు, మురుగుకాలువ, ట్రాన్స్‌ఫార్మర్, పక్క ఇళ్ల గేట్లు కూడా చూపాలి, ఎందుకంటే పిల్లలు పార్కుకు ఏ దారిన వస్తారో, ఎక్కడ భయపడతారో వాటిని బట్టే తెలుస్తుంది. చెట్టుకు మొదలు ఎక్కడుందో గుర్తిస్తే చాలదు, కొమ్మలు పరుచుకున్న మేరను కూడా కొలవాలి. వేపచెట్టు కింద ఒక అంచు నుంచి మరో అంచుకు 8 మీటర్లు వస్తే నమూనాలోనూ ఆకులు 8 బ్లాకుల మేర పరుచుకోవాలి; ఆ నీడలోనే రేపు పిల్లలు బెంచీ అడుగుతారు.

ఎత్తుపల్లాల దగ్గర ఈ సాధనం బలహీనత బయటపడుతుంది. వాన వెలిసాక నీళ్లు నిలిచే జాగా పల్లం 30 సెంటీమీటర్లే ఉండవచ్చు, కానీ ఒక బ్లాకు తవ్వితే అది మీటరు గొయ్యిగా కనిపిస్తుంది. కాబట్టి అక్కడ తవ్వకుండా నేల మీద నీలి ఉన్ని బ్లాకులు పరచండి. గట్లకు అర మీటరు ఎత్తుండే స్లాబ్ వాడుకోవచ్చు. చక్రాల కుర్చీ ఎక్కే వాలుకు ఎత్తుకన్నా 12 రెట్లు పొడవు కావాలి గనుక అర బ్లాకు గట్టుకు 6 బ్లాకుల వాలు పడుతుంది. ఆ వాలు ఎంత చోటు తింటుందో కళ్లారా చూసినప్పుడు పిల్లలు మెట్ల గురించి వేరే విధంగా ఆలోచించడం నేను గమనించాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: మూల నమూనాలో మీ కోరిక ఒక్కటి కూడా ఉండకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఖాళీగా ఉందని మధ్యలో ఒక నడకబాట వేసి ఇచ్చాను. అన్ని జట్లూ దాన్ని కదపకుండా దాని చుట్టూనే కట్టాయి. ఆ బాట ఎవరు అడిగారని చివర్లో ఒక పాప అడిగేదాకా నా తప్పు నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఖాళీ నేలను ఖాళీగానే, చెత్తకుప్పను చెత్తకుప్పగానే ఉంచుతున్నాను.

నమూనా పూర్తయ్యాక ఆటలోని సాయంకాలాన్ని కూడా చూడండి. ఆటలో ఒక పగలు, ఒక రాత్రి కలిపి 20 నిమిషాల్లో గడిచిపోతాయి కాబట్టి, ప్రస్తుతం ఉన్న దీపాలను మాత్రమే పెట్టి చీకటి పడనిస్తే ఏ మూల కనిపించకుండా పోతుందో తెలుస్తుంది. హనోయి శివారులో ఆడపిల్లలు తమ వీధుల్లో భద్రత గురించి చెప్పడానికి ఇదే ఆటను వాడుకున్నారు.

వచ్చే పాఠంలో ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురేసి కూర్చుంటారు. జట్టుకొక ప్రతి తీసి, ఏ జట్టుదో తెలిసేలా పేరు పెట్టి ఉంచుకోండి. ఈలోగా ఆ పార్కులో రోజూ ఆడే ఒక పిల్లవాడినో పిల్లనో పిలిచి, ఏమీ చెప్పకుండా నమూనాలో పది నిమిషాలు తిరగనివ్వండి. ‘ఇక్కడ అది ఉండాలి కదా’ అని వాళ్లు అన్న ప్రతిదాన్నీ రాసుకుని, స్థలానికి వెళ్లి సరిచూసి, నమూనాను దిద్దుకుని రండి.