మూత మడత దగ్గర ఊడొస్తోందా? కారు పార్టుల్లో ప్లాస్టిక్ హింజ్ సమస్య - పరిష్కారం

షాంపూ సీసా మూత వెయ్యిసార్లు తీసినా తెగదు. కార్లో వైర్ల కట్ట మీదొచ్చే నల్ల ప్రొటెక్టర్ మూత మాత్రం అసెంబ్లీ లైన్ మీద రెండోసారి తీసేసరికి చేతికొచ్చేస్తుంది. రెండూ పీపీనే (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్), రెండూ ఒకే ముక్కగా మోల్డ్ అయినవే, తలుపు బందులకున్నట్టు పిన్నూ గిన్నూ ఏం ఉండదు, మధ్యలో పల్చటి పొర ఒకటి మడత పడుతుంది, అంతే, దాన్నే లివింగ్ హింజ్ అంటాం. తెగగానే అందరూ మెటీరియల్ మీద పడి సప్లయర్‌కి మెయిల్ కొట్టేస్తారు. నేనైతే ముందు గేట్ (కరిగిన ప్లాస్టిక్ మోల్డ్‌లోకి దూరే రంధ్రం) ఎక్కడుందో చూస్తా. దానికన్నా ముందు తెగిన ముక్కని వెలుతురులో పట్టుకుని చీలిక ఎక్కడ మొదలైందో చూస్తా, కాబట్టి దయచేసి ఆ ముక్కల్ని గ్రైండర్లో వేసేయకండి.

సమస్య: మొదటి మడతకే పటుక్కున తెగుతోంది, అదీ ప్రతిసారి ఒకే చోట

ఇది వెల్డ్ లైన్ (రెండు ప్రవాహాలు కలిసినచోట పడే అతుకు గీత) పనే అయ్యుంటుంది. కరిగిన ప్లాస్టిక్ రెండు వైపుల నుంచి వచ్చి హింజ్‌లోనే కలుసుకుంటోంది, కలిసేసరికి రెండూ చల్లబడి ఉంటాయి కాబట్టి సరిగ్గా అతుక్కోవు. బాడీకో గేట్, మూతకో గేట్ పెడితే ఇలా అవుతుందని అందరికీ తెలుసు, కానీ ఒకే గేట్ ఉన్నా అవుతుంది, మేం అక్కడే దెబ్బతిన్నాం. పొడుగాటి ప్రొటెక్టర్, వరసగా నాలుగు హింజ్ పట్టీలు, గేట్ ఒక చివర. మూడు పట్టీలు బానే ఉన్నాయి, నాలుగోది మాత్రం ఏ పార్టు తీసుకున్నా తెగుతోంది. వారం రోజులు గ్రేడ్ మార్చి, టెంపరేచర్ మార్చి, ఏవేవో చేశాం. చివరికి షార్ట్ షాట్‌లు (మోల్డ్ పూర్తిగా నిండకముందే ఆపేసిన ముక్కలు) కొట్టి చూస్తే తెలిసింది, మెటీరియల్ గేట్ దగ్గరున్న పట్టీల్లోంచి ముందే మూతలోకి దూరిపోయి, మూత నిండాక అటు నుంచి వెనక్కి నాలుగో పట్టీలోకి వస్తోంది, బాడీ వైపు నుంచి ఇంకో ప్రవాహం అప్పుడే అక్కడికి చేరుతోంది. రెండూ సరిగ్గా ఆ 0.3 మి.మీ. పొరలో ఎదురెదురు పడుతున్నాయి. గేట్‌ని చివరి నుంచి బాడీ మధ్యకి, హింజ్‌కి ఎదురు గోడ వైపుకి మార్చాం, నాలుగు పట్టీలకీ మెటీరియల్ ఇంచుమించు ఒకేసారి చేరి అడ్డంగా దాటుకుని మూతలోకి వెళ్లింది, వెల్డ్ లైన్ మూత మీదకి పోయింది. అక్కడుంటే ఎవరికీ నష్టం లేదు. సిమ్యులేషన్ ఉంటే మంచిదే, లేకపోతే 70, 80, 90 శాతం దగ్గర ఫిల్ ఆపి ఆ ముక్కల్ని టేబుల్ మీద వరసగా పెట్టండి, దానికి పైసా ఖర్చు లేదు.

తెగినచోట ఉల్లిపాయ పొరల్లా విడిపోతుంటే అది వేరే కథ. బాడీ 2.5 మి.మీ. ఉండి హింజ్ 0.3 ఉంటే, మెటీరియల్ దారి సులువుగా ఉన్నవైపు ముందు వెళ్తుంది, హింజ్ దగ్గర ఆగి నిలబడుతుంది, ఆ ఆగిన కాసేపట్లో పైపొర గడ్డకడుతుంది, తర్వాత ప్రెషర్ పెరిగి లోపల్నుంచి కొత్తది తోసుకెళ్తుంది. ఇంజెక్షన్ స్పీడ్ పెంచి చూడండి, కొంత తగ్గుతుంది. పూర్తిగా పోవాలంటే మళ్లీ గేట్ దగ్గరికే రావాలి.

సమస్య: పగలు షిఫ్ట్ పార్టులు బాగున్నాయి, రాత్రి షిఫ్ట్‌వి తెగుతున్నాయి

మెషిన్ సెట్టింగ్ షీట్‌లో ఏ తేడా కనపడదు, ఎందుకంటే తేడా ఆపరేటర్ చేతిలో ఉంది. పార్టు మోల్డ్‌లోంచి రాగానే, వేడి మీదున్నప్పుడే మూతని పూర్తిగా రెండు మూడు సార్లు మడవాలి. అప్పుడు ఆ పల్చటి పొర సాగి పీపీ గొలుసులన్నీ మడతకి అడ్డంగా ఒకే దిక్కుకి సర్దుకుంటాయి, హింజ్‌కి అసలు బలం అక్కడ్నుంచే వస్తుంది. రాత్రి రెండు మెషిన్లకి ఒకే మనిషి ఉంటే పార్టులన్నీ ట్రేలో పోగుచేసి తీరిగ్గా మడుస్తాడు, అప్పటికి చల్లారిపోయి ఉంటాయి. అతన్ని తిట్టి లాభం లేదు, మడత పెట్టే చిన్న ఫిక్స్చర్ మెషిన్ పక్కనే పెట్టండి, లేదా రోబో చేతే మడిపించండి.

సమస్య: తెగట్లేదు కానీ మడత తెల్లబడుతోంది

ఇంపాక్ట్ కోపాలిమర్ పీపీలో రబ్బరు రేణువులుంటాయి, సాగినప్పుడు వాటి చుట్టూ సన్నటి ఖాళీలు పడి తెల్లగా కనిపిస్తుంది. కనపడని చోటైతే వదిలేయండి. కన్సోల్ బాక్స్ మూతలాంటిదైతే ముందు మందం తగ్గించండి. 180 డిగ్రీలు మడిచినప్పుడు బయటి పొర ఎంత సాగుతుందో ఇలా లెక్కేసుకోవచ్చు: 3.14 ని మందంతో గుణించి, హింజ్ వెడల్పుకి (బాడీ అంచు నుంచి మూత అంచు దాకా పల్చటి పొర దూరం) రెండింతలతో భాగించాలి. 0.3 మందం, 1.5 వెడల్పు అయితే 31 శాతం, అదే 0.5 మందం చేస్తే 52. మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది అనుకునే వాళ్లకి ఈ లెక్క చూపించండి. అప్పటికీ తెల్లబడితే రబ్బరు రేణువులు లేని పీపీ రకాలకి, అంటే హోమోపాలిమర్‌కో రాండమ్ కోపాలిమర్‌కో వెళ్లొచ్చు, కానీ ఆగండి, కింద చూడండి.

సమస్య: మైనస్ 30 డిగ్రీల టెస్ట్ ఛాంబర్‌లో పెట్టగానే విరుగుతోంది

అనంతపురం ఎండల్లో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. హోమోపాలిమర్ పీపీ సున్నా డిగ్రీల దగ్గర నుంచే పెళుసెక్కుతుంది. చలి టెస్ట్ ఉంటే ఇంపాక్ట్ కోపాలిమరే దిక్కు, తెల్లదనం భరించాలి, రెండూ కావాలని డ్రాయింగ్ మీద రాసేవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకోండి. టాల్క్ కలిపిన గ్రేడ్, గ్లాస్ ఫైబర్ గ్రేడ్ ఏ టెంపరేచర్‌లోనూ హింజ్‌కి పెట్టొద్దు.

సమస్య: నైలాన్ క్లిప్పులు, బస్తా విప్పగానే విరుగుతున్నాయి

ఇంజిన్ వేడి తట్టుకోవాలని నైలాన్ 66 వాడతారు. మోల్డ్‌లోంచి వచ్చినప్పుడు అది ఎముకలా పొడిగా ఉంటుంది, గాల్లో తేమ తాగాకే మెత్తబడుతుంది, 50 శాతం తేమున్న గాల్లో మెల్లగా బరువులో రెండున్నర శాతం దాకా పీల్చుకుంటుంది. పాలిథిన్ సంచిలో పార్టులతో పాటు కొద్దిగా నీళ్లు పోసి మూతి కట్టి కొన్నాళ్లు ఉంచడం షాపుల్లో పాత పద్ధతే, పని చేస్తుంది. సైజు కాస్త పెరుగుతుంది, లాక్ కొలతలు ఆ తర్వాతే చూడండి. పీపీ హింజ్ డ్రాయింగ్‌ని ఉన్నదున్నట్టు నైలాన్‌కి కాపీ కొట్టొద్దు, అది అన్ని మడతలకి ఆగదు, వెడల్పు పెంచి సాగుడు తగ్గించాలి.

సమస్య: చివర్ల నుంచి గుడ్డ చిరిగినట్టు చిరుగుతోంది

హింజ్ చివర పదునైన మూల ఉంది, రేడియస్ ఇవ్వండి. లేదా లాక్ ఒక పక్కకి జరిగి ఉంది, మూసేటప్పుడు మూత మెలి తిరుగుతోంది. ఫ్లాష్ (మోల్డ్ సందుల్లోంచి బయటికొచ్చిన పల్చటి ప్లాస్టిక్) కూడా చూడండి.

సమస్య: మూసిన మూత పైకి లేస్తోంది

హింజ్ మందమైంది, లేదా మడతకి చోటు లేదు. లోపలివైపు 0.25 మి.మీ. పల్లం, బయటివైపు 0.75 రేడియస్ ఉంటే మడత సాఫీగా పడుతుంది. మందం వెర్నియర్‌తో కొలవొద్దు, దాని దవడలు ఆ గాడిలోకి దిగవు, పార్టుని కోసి చూడండి. కొత్త టూల్ (మోల్డ్) చేస్తుంటే హింజ్‌ని 0.25 దగ్గర మొదలుపెట్టమని చెప్పండి, చాలకపోతే స్టీల్ ఇంకాస్త కోస్తే మందం పెరుగుతుంది, అదే ముందే 0.5 కోసేసి తర్వాత తగ్గించమంటే వెల్డింగ్ చేయాలి, అప్పుడు టూల్ రూమ్ వాళ్ల మొహం చూడాలి.